తాళం వేయని ఇల్లు

సభకు పెద్దగా కూర్చున్న మా కాలనీ సంఘం అధ్యక్షులు వెంకట్రావు గారికి, ముందు వరుసలోని పెద్దలకు, పనులు మానుకుని వచ్చిన అక్కలకు, అన్నలకు, నాతో పాటు ముప్పై ఏళ్లు మందు డబ్బా వీపున మోసిన మిత్రులకు నమస్కారం. కొత్తపేటలో ఏ గల్లీలో ఏ కుక్క కరుస్తుందో చెప్పగలను కానీ ఈ మైకు ఎక్కడ పట్టుకోవాలో నాకు తెలియడం లేదు. (నవ్వులు)

దోమల మందు కొట్టేవాడి రిటైర్మెంటుకు ఇంత పెద్ద శాలువా ఎందుకని ముందే అడిగాను. వెంకట్రావు గారు వినలేదు. "అంతయ్యా, మీరు మా వీధికి చేసింది తక్కువేంటండీ, మాట్లాడకుండా కూర్చోండి" అన్నారు. ఆయన గోదావరి వైపు నుంచి వచ్చి నలభై ఏళ్లయినా ఇప్పటికీ గల్లీ అనరు, వీధి అనే అంటారు. (నవ్వులు)

మా అమ్మాయి మౌనిక బడిలో సోషల్ టీచరు. నాకు మాట్లాడడం రాదని ఈ కాగితం రాసిచ్చింది. డెంగీ దోమ ఒకప్పుడు ఓడల్లో, నీళ్ల పీపాల్లో దేశాలు దాటిందట. ఇప్పుడు జ్వరం పట్టిన మనిషి విమానమెక్కితే ఆ జ్వరం ఒక్క పూటలో ఇంకో దేశంలో దిగుతుందట. చెరువుల్లో ఇళ్లు కట్టుకున్నాం, నెలంతా పడాల్సిన వాన ఒక్క రోజులో పడుతోంది, దోమకు ఏడాది పొడవునా పండగేనట. అన్నీ నిజాలే. సరూర్‌నగర్ చెరువు నీళ్లు మన గల్లీల్లోకి వచ్చిన ఏడాది మోకాలి లోతులో నడిచి మందు చల్లినవాడిని, నాకు తెలియదా.

కానీ పొద్దున ఇంట్లో ఇది చదువుకుంటుంటే నాకు సిగ్గేసింది. తప్పంతా ఈ ప్రపంచానిదేనని చెప్పి శాలువా కప్పుకుని ఇంటికి పోవచ్చని నా మనసుకు హాయిగా అనిపించింది, అందుకు సిగ్గేసింది. మౌనికా, నువ్వు రాసిన దాంట్లో తప్పేం లేదు బిడ్డా. చదివేవాడిలోనే ఉంది. కాగితం జేబులో పెట్టుకుంటున్నాను.

మూడో వరుసలో మా బిక్షమయ్యన్న, పూలమ్మ వదిన కూర్చున్నారు. వాళ్ల ఒక్కగానొక్క కొడుకు రంజిత్ బాటసింగారం పండ్ల మార్కెట్‌లో మామిడి లారీలు దింపించేవాడు. మూడేళ్ల కింద ఆగస్టులో డెంగీతో పోయాడు. వాడికి ఇరవై నాలుగేళ్లు. ఇంతవరకు మీ అందరికీ తెలుసు.

అప్పటికే మాకు ఫోన్లో యాప్ వచ్చింది. ఇంటింటికీ వెళ్లి డ్రమ్ములు, కూలర్లు చూసి, పురుగు పట్టిన నీళ్లు పారబోయించి, ఆ ఇంటి నంబరు మీద నొక్కాలి. ఇంటికి తాళం ఉంటే 'తాళం' అని నొక్కితే చాలు, అదీ చూసిన ఇంటి కిందే లెక్క. జూలై ఆఖరున ఒక రోజు ముసురు, నాకు మోకాళ్ల నొప్పులు. గల్లీ మూల మీద నిలబడి, మిగిలిన ఆరిళ్లకూ తాళం అని నొక్కేసి చాయ్ తాగడానికి పోయాను. అందులో ఒకటి బిక్షమయ్యన్న ఇల్లు. వాళ్ల మిద్దె మీద మూత లేని డ్రమ్ము ఉంటుందని నాకు తెలుసు. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, నింపి పెట్టుకోక ఏం చేస్తారు.

రంజిత్ పోయాక మా ఆఫీసు నుంచి విచారణకు వచ్చినవాళ్లు మిద్దె ఎక్కి ఆ డ్రమ్ము నిండా పురుగులు చూశారు. నా ఫోను చూసి, "ఆ రోజు మీ ఇంటికి తాళం ఉందట కదా" అన్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. వదిన ఆ పొద్దున రైతు బజారుకు వెళ్లిన మాట నిజం. అన్న ఆమె వైపు తిరిగి, "గా కూరగాయలకు నువ్వు పోకుంటే, అంతయ్య ఒచ్చి నీళ్లు పారబోసి పోతుండె కదనే" అన్నాడు. ఆమె ఎన్ని గంటలకు తిరిగొచ్చిందో వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. నేను నిజం చెప్పలేదు.

మొదట ఉద్యోగం పోతుందని భయపడ్డాను. తర్వాత, ఆ దోమ ఎక్కడిదో ఎవరు చెప్పగలరు, మార్కెట్‌లో కుట్టిందేమో అనుకుని బతికాను. వాళ్లింట్లో చాయ్ తాగిన ప్రతిసారీ అన్న ఆ మాట అంటూనే ఉన్నాడు. పోయిన నెల కూడా, "జర సేపు ఆగి పోతే ఏమైతుండె" అన్నాడు. వదిన నా చేతికి గ్లాసు ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది. ఆ ఏడాదే అందరికంటే ఎక్కువ ఇళ్లు చూశానని నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఇందాక వెంకట్రావు గారు మెచ్చుకుంటూ చదివింది అదే.

(వెంకట్రావు గారు కుర్చీలోంచి లేచారు)

ఫరవాలేదు వెంకట్రావు గారూ, కూర్చోండి. అయిపోవచ్చింది.

పూలమ్మ వదినా, ఆ రోజు నువ్వు ఇంట్లనే ఉన్నవ్. నేనొచ్చేసరికే బజారు నుంచి ఒచ్చినవ్. గేటు తెరిచే ఉండె. వాకిట్ల రేకుల కింద పీట ఏసుకొని గోకరకాయలు తుంచుతున్నవ్. గల్లీ మూల మీద నుంచే నేను చూసిన. చూసి కూడ తాళం అని నొక్కిన. నిన్ను పలకరిస్తే మిద్దె ఎక్కాల్సొస్తదని తల తిప్పుకొని పోయిన. ఎప్పుడు పోయినవో ఎప్పుడు ఒచ్చినవో నీ మీద నీకే అనుమానమొచ్చేటట్టు చేసిన. మాఫ్ చెయ్యమని అడుగుత లేను, గంత ముఖం నాకు లేదు.

ఇంతసేపు ఓపికగా విన్న మీకందరికీ కృతజ్ఞతలు. బిక్షమయ్యన్నా, ఇగ ఆమెను ఆ మాట అనకు. అనాలనిపిస్తే మా ఇంటికొచ్చి నన్ను అను. సెలవు.