శనివారం పన్నెండింటికి

అలబామా కొండల దాపున కాల్డర్ అనే కాలేజీ ఊరు. నవంబరు, గురువారం, పొద్దున పదిగంటలు. ఓర్లీన్ టిడ్వెల్ భర్త డెల్మర్ గుండె ఆగి పోయి రెండు రోజులైంది. ఆమెకింకా ఏడుపు రాలేదు, రానందుకు సిగ్గూ వెయ్యడం లేదు. ఇరుగుపొరుగు తెచ్చిపెట్టిన వంటకాలతో వంటింటి బల్ల నిండిపోయింది గానీ తినే మనిషి లేడు. ఎదురుగా కూర్చున్నవాడు డెల్మర్ తమ్ముడు హార్లన్. ఒంటి మీద కాలేజీ ఫుట్‌బాల్ జట్టు నారింజరంగు చొక్కా, దాని మీద జట్టు గుర్తు కంచరగాడిద బొమ్మ, ఇంకా కొత్త మడతలు కూడా పోలేదు. వచ్చి అరగంటైనా అసలు మాట చుట్టూ తిరుగుతున్నాడే తప్ప దాని మీద దిగడం లేదు.

“అది కాదు వదినా, నేననేది, ఆదివారం మధ్యాహ్నమైతే అందరికీ వీలుగా ఉంటుంది కదా అని.”

“ఆదివారం పాస్టర్ గారికి రెండు ప్రార్థనలున్నాయి.”

“పోనీ సోమవారం.”

“సోమవారం జోనెల్ ఆఫీసుకి వెళ్లాలి. కాఫీ పొయ్యనా?”

“తాగాగా ఇప్పుడే.”

“తాగావా. సరే.”

“తండ్రి పోయిన పిల్లని సోమవారం రమ్మనే ఆఫీసు ఎక్కడుంటుంది వదినా? అడిగితే వాళ్లే—”

“పేపర్లో వచ్చేసింది హార్లన్. శనివారం పన్నెండింటికి అని.”

“పేపర్లో వచ్చాకే నాకు ఫోన్లు మొదలయ్యాయి. పొద్దున్నుంచి పదకొండు మంది. ఏమంటున్నారో తెలుసా?”

“ఏమంటున్నారు?”

“ఏమీ అనట్లేదు. ‘మీ వదిన బాగానే ఉందా’ అంటున్నారు. ఈ ఊళ్లో నవంబరు శనివారం పన్నెండింటికి ఎవరైనా మనిషిని సమాధి చేస్తారా అని అడగడానికి నోరు రాక, అలా అడుగుతున్నారు.”

“బాగానే ఉన్నానని చెప్పాల్సింది.”

“చెప్పా. కానీ నువ్వు బాగా లేవు వదినా. తప్పు కాదది. నలభై ఏళ్ల కాపురం. ఆ హడావిడిలో, ఆ దుఃఖంలో తారీఖు చూసుకోలేదు. ఎవరూ ఏమనుకోరు. ఇదిగో ఈ ఫ్రిజ్ తలుపు మీదే ఉంది ఆటల పట్టిక. శనివారం, పన్నెండు, సొంతూరు. నీ కంట పడలేదంతే.”

“పాలు తీసినప్పుడల్లా పడుతుంది.”

“పడుతుందిలే, మనసులోకి ఎక్కాలిగా. మామూలు ఆట కాదిది. ఇది గెలిస్తే మనం ఫైనల్‌కి వెళ్తాం. కాలేజీ పుట్టాక ఇదే మొదలు.”

“మనమా?”

“మనమే. కాల్డర్.”

“మీ ఇంటి ముందు ముప్పై ఏళ్లు స్టేట్ యూనివర్సిటీ జట్టు జెండా ఉండేది.”

“దించేశా కదా.”

“ఎప్పుడు?”

“పోయినేడు.”

“పోయినేడు ఎప్పుడు?”

“అక్టోబరులో. ఇప్పుడవన్నీ ఎందుకు వదినా?”

“ఊరికే. వరసగా ఆరు గెలిచాక అన్నమాట.”

“ఐదు.”

“ఐదా. సరే.”

“అందరూ మారారు వదినా. నేనొక్కణ్ణే అన్నట్టు మాట్లాడతావేం? దుకాణంలో ఈ రంగు చొక్కా దొరకడం లేదు ఇవాళ. పాస్టర్ గారి భార్య కూడా వేసుకొచ్చింది.”

“నిన్న ఆవిడే ఆ చికెన్ పళ్లెం తెచ్చింది. ఆ రంగు చొక్కాతోనే. నేను చూడడం గమనించి కోటు బొత్తాలు పెట్టుకుంది.”

“చూశావా? వాళ్లకీ ఇబ్బందే.”

“జట్టు ఓడిన ప్రతిసారీ మర్నాడు ఆదివారం నువ్వు ఒక గడ్డిమోపు తెచ్చి మా గుమ్మంలో పెట్టేవాడివి. ‘మీ కంచరగాడిదలకి మేత’ అని.”

“సరదాకి. అన్నయ్య కూడా నవ్వేవాడు.”

“నవ్వేవాడు. నవ్వి, తీసుకెళ్లి మొక్కల మొదట్లో వేసేవాడు. ఒక సీజన్లో పదకొండు మోపులు.”

“పదకొండుకి పదకొండూ ఓడారు మరి. బంతి చేతిలో పెట్టి దారి చూపించినా పరుగెత్తలేని సన్నాసులు వాళ్లప్పుడు. స్టేడియంలో మనుషులకన్నా పావురాలెక్కువ. అన్నయ్య మాత్రం వెళ్లాడు. అదీ అన్నయ్యంటే.”

“అవును.”

“సరే, ఒక మాట చెప్పు. పెట్టె మొయ్యడానికి ఆరుగురు కావాలి. ఎవరున్నారు?”

“నువ్వొకడివి అనుకున్నా.”

“నేనుంటా. ఉంటాననుకో. మిగతావాళ్లు?”

“మీ అబ్బాయి కోడీ.”

“వాడికి టికెట్ ఉంది. పెదనాన్నంటే వాడికి ప్రాణమే, కాదనను, కానీ ఆ టికెట్ దొరకడానికి వాడు ఎంత—”

“పక్కింటి పెట్టస్ గారు.”

“ఆయన పెరటినిండా ఆటకొచ్చేవాళ్ల కార్లు పెట్టించుకుంటాడు ఆ రోజు, డబ్బులకి. కాపలా ఉండాలి.”

“మిల్లులో మీ అన్నతో చేసినవాళ్లు.”

“వాళ్లు శుక్రవారమే వెళ్లి స్టేడియం బయట స్థలం పట్టుకుంటారు, ఆటకి ముందు మాంసం కాల్చుకు తినడానికి. ఇప్పటికి ముగ్గురు నాతో చెప్పారు, సోమవారమైతే కుటుంబాలతో సహా వస్తామని. నువ్వు సోమవారం అను, ఆరుగురు కాదు, అరవై మంది మోస్తారు.”

“ఫ్యూనరల్ హోమ్ వాళ్లు తమ మనుషుల్నే ఆరుగురిని పంపిస్తారట. అడిగా.”

“అన్నయ్యని ముక్కూ మొహం తెలియనివాళ్లు మోస్తారా?”

“వాళ్లూ జాగ్రత్తగానే మోస్తారు. వాళ్ల పనే అది.”

“సరే. శవాన్ని తెచ్చే కారెలా వస్తుంది? పొద్దున తొమ్మిదికే కాలేజీ రోడ్డు మూసేస్తారు. నలభై వేల మంది జనం.”

“పోలీసులు రిజర్వాయర్ వైపు దారి వదుల్తామన్నారు. మంగళవారమే ఫోన్ చేశా.”

“ఏ మంగళవారం?”

“మొన్న. సాయంత్రం.”

“అన్నయ్య పోయింది మొన్న మంగళవారం పొద్దునే కదా.”

“అవును. ఏడింటికి. ఒక చెప్పు తొడుక్కున్నాడు, రెండోది తొడుక్కోలేదు.”

“వదినా.”

“పీచ్ పళ్ల పిండివంట తింటావా? ఇదెవరు తెచ్చారో తెలియడం లేదు. గిన్నె కింద పేరు రాయలేదు. గిన్నె తిరిగి ఎలా ఇవ్వాలి?”

“గిన్నె సంగతి తర్వాత చూద్దాం. నీతో ఒక మంచి మాట చెబుదామని వచ్చా నేను. నిన్న కాలేజీవాళ్లు నాకు ఫోన్ చేశారు.”

“నీకా?”

“నంబర్ ఎవరో ఇచ్చారట. ఆట మధ్య విరామంలో అన్నయ్య ఫోటో పెద్ద తెర మీద చూపిస్తారు. నలభై ఒక్క ఏళ్లు సొంతూళ్లో ఒక్క ఆట కూడా వదలని మనిషి అని చదువుతారు. జనమంతా టోపీలు తీసి లేచి నిలబడతారు. బ్యాండు వాయించదు. నలభై వేల మంది, ఒక్క చప్పుడుండదు. ఆలోచించు.”

“ఆలోచిస్తున్నా.”

“కుటుంబం నుంచి ఒకరు మైదానం మధ్యలోకి వెళ్లి ఆయన పేరున్న జెండా అందుకోవాలి.”

“ఎవరు వెళ్తారు?”

“నువ్వే వెళ్లాలి. హక్కు నీది. నువ్వు రాలేనంటే…”

“నువ్వు.”

“ఎవరో ఒకరుండాలిగా.”

“ఈ చొక్కా అందుకేనా?”

“ఇది ఆగస్టులో కొన్నా. వదినా, నన్ను అంత చులకన చెయ్యకు. వాడు నాకూ అన్నే. నేను ఎగతాళి చేశానంటే చేశా. గెలుస్తున్నారని చేరానంటే చేరా. జనమంతా ఒకవైపు పోతుంటే ఒక్కణ్ణే ఎదురు నడిచే ఒంటి తత్వం కాదు నాది. అన్నయ్యది. అందుకే నలుగురూ వాడికి దణ్ణం పెడుతుంటే చూడాలని ఉంది నాకు. తప్పా?”

“తప్పు కాదు.”

“మరి?”

“సెప్టెంబరులో ఒకరోజు ఆట నుంచి వచ్చి చెప్పాడు. పక్క సీట్లో కొత్తగా ఎవరో పెద్దమనిషి కూర్చున్నాడట. మీ అన్న టోపీ చూశాడు, పాత బొమ్మది కదా, గుర్తుపట్టలేదు, ‘ఈ సీజన్ నుంచే వస్తున్నారా?’ అని అడిగాడట.”

“అన్నయ్యనా? ఏమన్నాడు?”

“‘అవునండీ, ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది’ అన్నాడట. నాకు చెప్పి చాలాసేపు నవ్వాడు. తర్వాత టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.”

“చూశావా? అందుకే ఆ తెర మీద చూపించాలంటున్నా. వాళ్లందరికీ తెలియాలి. ఆ మనిషి ఎలాంటివాడో. వానొచ్చినా వెళ్లాడు, వడగళ్లు పడ్డా వెళ్లాడు. జోనెల్ పుట్టిన రోజున కూడా, నిన్ను ఆసుపత్రిలో దింపేసి, ఆట చూసి, అటునుంచటే పువ్వులు పట్టుకొచ్చాడు. ఊరంతా చెప్పుకుంటుంది ఆ కథ.”

“పువ్వులు తేలేదు.”

“తేలేదా? నేనే వందసార్లు చెప్పా పువ్వులని.”

“ముప్పై ఎనిమిది పాయింట్ల తేడాతో ఓడారని చెప్పాడు. నేను పిల్లని చూపించా. ఒళ్లంతా తడిసి ముద్దై ఉన్నాడు. నర్సు ఎత్తుకోనివ్వలేదు.”

“మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“నువ్వు బాగా చెప్పేవాడివి. వినడానికి బాగుండేది.”

“వదినా. ఒకటి అడుగుతా, దాచకుండా చెప్పు. నువ్వు తారీఖు చూసుకోకపోవడం కాదు కదా ఇది.”

“ఫ్యూనరల్ హోమ్ ఆయన రెండుసార్లు అడిగాడు. ‘అమ్మా, శనివారమేనా? పన్నెండేనా?’ అని. పాపం, నవంబరు శనివారాలన్నీ ఖాళీగానే ఉంటాయట వాళ్లకి.”

“నువ్వేమన్నావు?”

“రెండుసార్లూ అవునన్నా.”

“అర్థమైంది. పరీక్ష పెడుతున్నావు. ఆటా, డెల్మరా, తేల్చుకోండి అని. ఎవరు వస్తారో, ఎవరు రారో చూస్తావు. ఈ ఊరిని నిలబెట్టి అడుగుతావు. నన్ను ముందు.”

“లేదు హార్లన్.”

“మరేంటి ఇది?”

“ఎవరు రాకపోయినా నాకేమీ లేదు. నువ్వు వెళ్లు. కోడీని పంపించు. తెర మీద ఫోటో పెట్టనీ. నేనెవరి మీదా ఏమీ అనుకోను.”

“అయితే అన్నయ్య మీద కోపమా? పోయినవాడి మీద పగ తీర్చుకుంటావా? వాడికి ప్రాణం లాంటి రోజున, ఆ గంటకి, మట్టిలో పెట్టి—”

“కోపం లేదు. ఉంటే బాగుండును. మంగళవారం నుంచి నాకేమీ అనిపించడం లేదు. చెయ్యి గిల్లుకున్నా. నొప్పి తెలిసింది, అంతే.”

“నాకర్థం కావడం లేదు వదినా.”

“కూర్చో. నిలబడి వినకు. పెళ్లైన ఏడాది రెండు సీట్లు తీసుకున్నాడు, ఒకటి నాకు. ఒక సీజనంతా వెళ్లా. పక్కనే కూర్చునేదాన్ని. ఆయన మాత్రం పక్కన ఉండేవాడు కాదు, మైదానంలో ఉండేవాడు. తర్వాత నేను మానేశా. నా సీట్లో కోటు పెట్టుకునేవాడు. బయటి ఊళ్లో ఆటైతే రేడియో ముందు. మిగతా వారమంతా మిల్లు, ఆదివారం చర్చి. అక్టోబరులో కొండల మీద ఆకులు ఎర్రబడతాయి కదా. మన ఊరికి గంట దూరం. ఒక్క శనివారం వెళ్లొద్దాం అని అడిగా. జట్టు ఓడిపోతోంది కదా, ఈ వారం మానేస్తే ఏం అన్నా.”

“ఏమన్నాడు?”

“‘ఓడిపోతున్నప్పుడు వదిలేస్తే ఎలా ఓర్లీన్, ఇంకెవరున్నారు వాళ్లకి’ అన్నాడు. మంచి మాటే కదా. నోరు మూసుకున్నా. ఏటా అక్టోబరులో అడిగేదాన్ని, ఏటా అదే మాట. పోయినేడు గెలవడం మొదలెట్టారు. ఇంక జనం బోలెడంత, నువ్వూ చేరావు. ఇప్పుడు వాళ్లని చూసుకోడానికి ఊరంతా ఉంది కదా, ఈ ఒక్క శనివారం నాతో రా అన్నా.”

“మరి?”

“‘ఇప్పుడు గెలుస్తుంటే వదిలేస్తానా’ అన్నాడు.”

“అలా అన్నాడా.”

“కాఫీ పొయ్యనా?”

“పొయ్యి. వద్దు. వదినా, నువ్వు చెప్పింది నాకు తెలియదు. ఇంట్లో సంగతి ఎవరికి తెలుస్తుంది. కానీ నిజం మాట్లాడు. లేచి కూర్చుని మాట్లాడగలిగితే, శనివారం పన్నెండింటికి నువ్వెక్కడుంటావురా అని అన్నయ్యనే అడిగితే ఏమంటాడు?”

“స్టేడియంలో అంటాడు. అడగక్కర్లేదు.”

“మరి ఆయన మాటే కదా వినాలి మనం?”

“నలభై ఏళ్లు అడిగా హార్లన్. ఈసారి అడగదలుచుకోలేదు. ఈ శనివారం ఆయన నాతో ఉంటున్నాడు.”