పొలుసుల పోలిక

పిల్లల ఆసుపత్రిలో డాక్టరమ్మ గది. బల్లకు ఇవతల, గోడలకు రంగులు వేసి వేసి ముసలివాడైన పెయింటరు. ఉక్కపోతలోనూ పొడుగుచేతుల చొక్కా, మెడదాకా గుండీలు. పక్క గదిలో ఆయన కూతురు, మూడు నెలల మగబిడ్డతో.

"చొక్కా విప్పమన్నది మిమ్మల్ని చూసి మురిసిపోవడానికి కాదు పెద్దాయనా."

"పెళ్ళాం పోయాక నన్ను చొక్కా విప్పమన్న ఆడది లేదు. కాస్త సిగ్గుపడనివ్వండి."

"చేతులైనా చూపించండి."

"ఎందుకు? జబ్బు పిల్లాడికి కదా."

"పిల్లాడి కాళ్ళ మీద, పొట్ట మీద పొలుసులు లేచాయి. రక్తపరీక్షలో జబ్బు పేరు తేలింది. ఇది ఇంట్లో ఎవరో ఒకరి దగ్గర్నుంచి రావాలి. మీ ఒళ్ళూ ఇలాగే ఉంటుందని మీ అమ్మాయి చెప్పింది."

"ఆ పిల్లకి నోరెక్కువ. వాళ్ళమ్మ పోలిక."

"ఆ పిల్ల ఏమిటండీ, మీ కూతురే కదా? ఈ కాగితంలో 'బిడ్డకు ఏమవుతారు' అన్నచోట 'దూరపు చుట్టం' అని రాశారేమిటి?"

"దూరమే మరి. రెండు బస్సులు మారి వచ్చాను."

"పెద్దాయనా."

"విప్పుతున్నాగా. ఇదిగో, చూసుకోండి. ముప్ఫయ్యేళ్ళు వెల్ల వెయ్యని గోడ."

"చేతులు, మెడ వెనక... అరచేతులు శుభ్రంగా ఉన్నాయి. అచ్చం పిల్లాడిలాగే. వీపు మరీ అన్యాయంగా ఉందే?"

"అక్కడికి నా చెయ్యి అందదు. అది ఉన్నన్నాళ్ళూ రోజూ పీచుతో తోమి నూనె రాసేది. పోయి ఆరేళ్ళు."

"అది అంటే, మీ భార్యా?"

"ఆఁ. బళ్ళో నన్ను చేపగాడు అనేవాళ్ళు. మేష్టారు హాజరు కూడా ఆ పేరుతోనే పిలిచేవాడు. నీళ్ళు పోసుకోని వెధవననుకున్నారు. రోజుకు రెండుసార్లు పోసుకునేవాణ్ణి."

"ఇది మురికి కాదు. మీ ఒంట్లో సల్ఫటేజ్ లేదు."

"అదేం సబ్బు?"

"సబ్బు కాదు, ఎంజైము. ఒంట్లో పనిచేసే కూలీ అనుకోండి. కొత్త రంగు వేసేముందు గోడకేం చేస్తారు మీరు?"

"పాత రంగు గీకి, లప్పం పెడతాను. గీకకుండా వేసేవాడు దొంగ."

"చర్మమూ అంతే. కింద నుంచి కొత్త పొర వస్తుంటే పైన పాతది రాలిపోవాలి. ఆ పాత పొరను పట్టి ఉంచే జిగురుకి సల్ఫేటు ముక్క ఒకటి తగిలి ఉంటుంది. దాన్ని కత్తిరించేవాడే వీడు. మీకు వీడు లేడు. జిగురు వదలదు, పొర రాలదు."

"అంటే గీకేవాడు లేకుండా అరవయ్యేళ్ళుగా కోటింగు మీద కోటింగు."

"అదే. ఇలాంటి సల్ఫటేజులు ఒంట్లో పదిహేడు రకాలు. ఒకడు లేకపోతే పిల్లల ఎముకలు వంకరపోతాయి. ఇంకొకడు లేకపోతే మెదడు దెబ్బతిని, నడిచే పిల్ల నడక మరిచిపోతుంది. అలాంటి పిల్లల్ని ఎత్తుకుని మీ కుర్చీలోనే కూర్చున్నారు తల్లులు. మీ మనవడు అదృష్టవంతుడు. పూతమందు చాలు. ఈ జబ్బున్న కొందరు మగపిల్లలకి కిందవి రెండూ సంచిలోకి దిగవు, అదీ చూశాను. వీడికి దిగాయి."

"నాకూ ఆ లోటు లేదు."

"నేనడగలేదు. మీ అమ్మాయి కాన్పు ఎందుకు ఆలస్యమైందో తెలుసా? నొప్పులు రావాలంటే కడుపులో బిడ్డకి అంటుకుని ఉండే మాయలో కూడా ఈ కూలీ పనిచెయ్యాలి. చెయ్యలేదు. గడువు దాటాక కోసి తీశారు."

"నేనూ గడువు దాటి పదిహేను రోజులు కదల్లేదట. పుట్టకముందే బద్ధకస్తుడన్న పేరు."

"మీ నాన్నకి పొలుసులుండేవా?"

"లేవు. మా మేనమామకుండేవి."

"మీ అమ్మాయికి?"

"లేవు. అరటిదూట లాంటి ఒళ్ళు. అందుకే..."

"అందుకే?"

"ఏం లేదు."

"అందుకే ఏమిటి?"

"నా రక్తమైతే నా తోలు రావాలి కదమ్మా. రాలేదు. నేను పనుల మీద నెలలకు నెలలు ఊళ్ళు తిరిగేవాణ్ణి. ఇంట్లో ఏం జరిగిందో... వదిలెయ్యండి. దూరపు చుట్టం అని ఊరికే రాయలేదు."

"ఎన్నాళ్ళుగా అనుకుంటున్నారిలా?"

"అది పుట్టినప్పటి నుంచి. ముప్ఫై ఒక్క ఏళ్ళు."

"మరి ఆ దూరపు చుట్టం కొడుక్కి మీ తోలు ఎలా వచ్చింది?"

"అల్లుడి వైపు నుంచి..."

"కొడుక్కి ఈ జబ్బు తండ్రి ఇవ్వలేడు. తల్లే ఇవ్వాలి. ఆడవాళ్ళు ఒంటి మీద కనబడనివ్వకుండా మోసుకొస్తారు, కొడుకుల్లో బయటపడుతుంది. మీ భార్య పుట్టింట్లో ఎవరికైనా ఉందా?"

"లేదు. అందరూ అద్దాల్లాంటి వాళ్ళు."

"అయితే మీ అమ్మాయికి ఇచ్చింది మీరే. ఈ తోలున్న మగాడి కూతుళ్ళందరూ దీన్ని మోస్తారు. పైకి చూస్తే ఏమీ ఉండదు... పెద్దాయనా? వింటున్నారా?"

"గుండీలు పెట్టుకుంటున్నాను."

"కాజా తప్పింది."

"తప్పితే తప్పనివ్వండి. ఆ కాగితం ఇటివ్వండి, ఒక మాట కొట్టెయ్యాలి."

"ఇందాకే కొట్టేసి 'తాత' అని రాశాను. పక్క గదిలోకి వెళ్ళండి, అమ్మాయి పొద్దుటి నుంచి కాచుకుని ఉంది."

"వెళ్తాను. ఈ కాజా సరిచేసుకోనివ్వండి."

"ఒకటి అడగనా? మీ అమ్మ ఒంటి మీద ఉండి ఉండదు, ఆవిడ తోడబుట్టినవాడికీ కొడుకు మీకూ ఉంది. ఇంత కళ్ళెదుట ఉన్న సంగతి ఇన్నేళ్ళలో మీకు ఒక్కరూ చెప్పలేదా?"

"చెప్పింది. పిల్ల ఉయ్యాల్లో ఉండగానే నా పెళ్ళామే చెప్పింది. 'మీ అమ్మ ఒళ్ళూ నున్ననే కదా, నువ్వు ఆవిడ కడుపున పుట్టలేదా' అంది. మా అమ్మనంటావా అన్నాను. ఆ తర్వాత అది పోయేదాకా పాతికేళ్ళు రోజూ దానిచేత వీపు తోమించుకున్నాను గాని, దాంతో ఒక్క మాట మాట్లాడలేదు."