కప్పు చీల్చుకుని వెళ్ళిన బన్నుల గ్రాఫు

"నేనేదో పొడిచేశానని చెప్పుకోవడం నాకు ఇష్టం ఉండదు," అన్నాడు బావ, టీ గ్లాసు బల్ల మీద పెడుతూ. ఆ మాట అన్నాడంటే ఇక చాలాసేపు ఎవరూ కదిలే పని లేదు.

బావ అంటే మా రొట్టెల కంపెనీలో రిపోర్టులు తీసే ఆయన. ఆయన బామ్మర్దిది కూడా అదే గదిలో పక్క సీటు. అతను బావా బావా అంటుంటే విని విని, ప్యాకింగులో ఉండే నేనూ, వ్యాను డ్రైవరూ, చివరికి ఆఫీసు గేటుకి ఎదురుగా టీ కొట్టు నడిపే పిన్ని కూడా బావ అనే పిలవడం మొదలెట్టాం. ఆయనకి అభ్యంతరం లేదు. ఊరంతా బామ్మర్దులైతే మర్యాదలకి లోటుండదని మురిసిపోతాడు కూడా.

ఆ రోజు బల్ల మీద మాతోపాటు ఒక అక్క కూర్చుని ఉంది. బస్సులు వెనక్కి తిరిగే చివరి స్టాపు దగ్గర మా కంపెనీ కొట్టు నడుపుతుందట. టీ చేతిలోకి తీసుకుంది కానీ తాగట్లేదు.

"మధ్యాహ్నం మీటింగులో నా కొట్టు మూసేస్తారట," అంది. "పెద్దసారు గదిలో తెర మీద నా కొట్టు పేరు పక్కన సున్నా కనిపిస్తోందట. ట్రేలు రోజూ ఖాళీ అవుతున్నాయి సార్ అని మొత్తుకున్నాను. తెర అబద్ధం చెప్పదమ్మా అన్నారు. ఆ కొట్టు పోతే నాకు ఇంకో పని రాదు. ఆ తెర పెట్టినాయన ఇక్కడ టీ తాగుతాడంటే వచ్చాను."

ఇంత చెబితే బావ చెవిన పడింది 'తెర పెట్టినాయన' అన్న ముక్క ఒక్కటే.

"సరైన మనిషి దగ్గరికే వచ్చావక్కా. కానీ ముందు ఆ తెర సంగతి నీకు తెలియాలి. మన కొట్లలో ఎక్కడ ఏ బన్ను అమ్ముడుపోయినా, బిల్లు కొట్టగానే ఆ కబురు వెళ్ళి ఒక డేటాబేసులో పడుతుంది, డేటాబేసంటే గోడౌననుకో, అందులో బన్నులుండవు, బన్నుల కబుర్లుంటాయి. ఇటు చూస్తే పెద్దసారు గదిలో రిపోర్టుల సాఫ్ట్‌వేరు, బొమ్మలు గీస్తుంది, రంగులేస్తుంది, కానీ దానికి ఆ గోడౌను మొహమే తెలీదు. రెండూ ఒక్క కంపెనీ సొత్తే, అయినా అలిగిన వియ్యంకుల్లా ఎడమొహం పెడమొహం. మధ్యలో నాలాంటివాడు అక్కడి అంకెలు ఇక్కడికి చేత్తో ఎక్కించాలి. రిపోర్టు కావాలని బటన్ నొక్కి, వెళ్ళి అన్నం తిని, చెయ్యి కడుక్కుని వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉండేది. ఈ రెండింటినీ కలపడానికి ఎక్కడెక్కడి నుంచో కోట్లు వేసుకున్న ఇంజనీర్లు దిగారు, మా వల్ల కాదని చేతులెత్తేశారు."

"వచ్చింది ఒక్కడే బావా," అన్నాడు బామ్మర్ది. "కోటు కూడా లేదు."

"ఉక్కపోతకి విప్పి చంకలో పెట్టుకున్నాడు, నువ్వు సరిగ్గా చూళ్ళేదు. మధ్యలో మాట్లాడకు. సరే, అందరూ చేతులెత్తేశాక పెద్దసారు నా వైపు చూశారు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. గోడౌను అడ్రసు ఇచ్చాను. పాస్‌వర్డు కొట్టాను. తలుపు తెరవదే! డ్రైవర్ లేదంది."

"నన్ను పిలిస్తే పరిగెత్తుకు వచ్చేవాణ్ణిగా," అన్నాడు వ్యాను డ్రైవరు.

"నీలాంటి డ్రైవర్ కాదయ్యా. గోడౌను భాషని తెర భాషలోకి మార్చి చెప్పే బుల్లి సాఫ్ట్‌వేరు, దాన్నీ డ్రైవరనే అంటారు. అది దొరకబుచ్చుకుని, ఎక్కించి, ఇద్దరు వియ్యంకుల చేతులూ కలిపి, కనెక్టు అన్న బటన్ మీద వేలు పెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

పిన్ని టీ వడకట్టడం ఆపేసింది. "ఏమైంది?"

"గదిలో ఫ్యాను ఆగిపోయింది పిన్నీ. కరెంటు పోలేదు, అంకెలు వస్తుంటే దారి ఇవ్వడానికి ఆగింది. ఏం రావడం అది! ఊరి నిండా అమ్ముడైన ప్రతి బన్నూ, ప్రతి కేకూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ, నేను ముందంటే నేను ముందని వచ్చి తెర మీద వరసగా నిలబడ్డాయి. బటన్ మీద పెట్టిన వేలు నేనింకా తియ్యలేదు, రిపోర్టు తయారు. పెద్దసారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. చప్పట్లు కొట్టారు. ఆ మనిషి చప్పట్లు కొట్టడం ఎవరైనా చూశారా?"

మేమెవరమూ చూళ్ళేదు. ఆయన నవ్వడం కూడా చూళ్ళేదు. అందుకే ఆ మాట నిజమేనేమో అనిపించి అందరం కొంచెం ముందుకి జరిగాం.

"మర్నాటికి ఇంకా జోరందుకుంది. వేలు పెట్టక్కర్లేదు, బటన్ వైపు చూస్తే చాలు. ఆ మర్నాడు చూడక్కర్లేదు. మా గదిలోనూ అదే తెర ఉందిగా, పెద్దసారు ఏదో అడుగుదామని మెట్లెక్కి మా గదికి వస్తుంటే, ఆయన మనసులో ప్రశ్న ఇంకా పూర్తిగా తయారు కాకముందే తెర మీద జవాబు వెలుగుతోంది. పాపం ఆయన గుమ్మంలో నిలబడిపోయి, 'ఇంతకీ నేనేం అడుగుదామని వచ్చానయ్యా' అని నన్నే అడిగారు."

"మరి చెప్పావా?" అంది పిన్ని.

"తెరే చెప్పింది. నేను పక్కన నిలబడ్డాను అంతే. అసలు విషయం ఇంకా ఉంది, ఆగు. అందులో ఒక గ్రాఫు ఉంటుంది. ఏ కొట్టులో ఎన్ని బన్నులు పోతే అక్కడ అంత పొడుగు నీలం స్తంభం లేస్తుంది. రైల్వే స్టేషను కొట్టు ఉంది కదా, ఆ రోజు అక్కడ బన్నులు ఎలా పోయాయంటే, స్తంభం లేచింది, లేచింది, తెర పై అంచు దాకా వెళ్ళింది. ఆగుతుందనుకున్నాం. ఆగితేగా! తెర దాటి బయటికొచ్చింది. ఫ్యానుకి తగలకుండా కాస్త పక్కకి ఒదిగి, కప్పు చీల్చుకుని పైఅంతస్తులోకి వెళ్ళిపోయింది."

"పైన ఎకౌంట్సు వాళ్ళుంటారు కదా?" అన్నాను నేను. నోరు మూసుకుని ఉండలేకపోయాను, ఏం చెయ్యను.

"ఉంటారు. ముందు హడలిపోయారు. తర్వాత వానకి తడిసిన గొడుగులు దానికి తగిలించుకున్నారు. వాళ్ళ బుద్ధి తెలిసిందేగా, ఊరికే వచ్చింది దేన్నీ వదలరు."

డ్రైవరు తలెత్తి ఆఫీసు పైఅంతస్తు కిటికీ వైపు చూశాడు. నేనూ చూశాను. అక్కడేమీ ఉండదని తెలుసు. అయినా చూశాను.

"అక్కడితో ఆగిందా? లేదు. ఒకరోజు పొద్దున్నే తెర తెరిస్తే రేపటి అమ్మకాలు కనిపిస్తున్నాయి! రేపు ఇంకా రాలేదు, బన్నులకి పిండి కలపలేదు, కలిపేవాడు ఇంకా మంచం దిగలేదు. తెర మీద మాత్రం అన్నీ అమ్ముడైపోయాయి. సరే చూద్దామని నేనే స్టేషను కొట్టు దగ్గర కాపలా కాశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎవరో పెద్దమనిషి బస్సు కోసం నడిచిపోతున్నాడు, బన్ను ఊసే లేదు ఆయనకి. ఉన్నట్టుండి ఆగాడు. వెనక్కి తిరిగాడు. 'ఏమో బాబూ, కొనాల్సి ఉందనిపిస్తోంది' అని కొనుక్కుని మరీ వెళ్ళాడు. తెర చెప్పాక తప్పించుకోవడం ఎవరి తరం?"

"అమ్మో," అంది పిన్ని, నిజంగానే గుండె మీద చెయ్యి వేసుకుని.

"ఇక చీమల సంగతి వినండి, చీమలు! ఏ బన్ను ఎవరు తిన్నారో, ఎక్కడ కూర్చుని తిన్నారో, ఎంత పొడి కింద పడిందో కూడా తెర మీదికి రావడం మొదలైంది. నేను సోమవారం ఆఫీసు తలుపు తీసేసరికి చీమలు బారులు తీరి గోడెక్కి, తెర ముందు నిలబడి, ఆ వేళ పొడి ఎక్కువ రాలేది ఏ కొట్టు దగ్గరో చూసుకుని, గుంపులు గుంపులుగా విడిపోయి ఎవరి దారిన వాళ్ళు డ్యూటీకి వెళ్తున్నాయి. ఒక్క చీమ దారి తప్పలేదు. నా కళ్ళతో చూశాను. ఒక ముసలి చీమ వెళ్తూ వెళ్తూ నా వైపు తిరిగి తల ఊపింది."

ఎవరూ నవ్వలేదు. ఎలా నవ్వుతాం? చెప్పేటప్పుడు ఆయన కళ్ళు అంతంత చేసుకుని, ఆ ముసలి చీమ తల ఊపినట్టే తానూ ఊపి చూపిస్తుంటే, టీలు చల్లారిపోతున్నా మాకు తెలియలేదు. ఊరంతటి కబురు అలా ఒక తెర మీదికి రావడమే నాకు ఇప్పటికీ నమ్మశక్యం కాదు. పిండి కలిపే చేతులూ, ట్రేలు మోసే చేతులూ, కొనుక్కునే చేతులూ అన్నీ ఒకచోట కనిపిస్తాయంటే ఒళ్ళు జలదరించింది. చీమల్ని కూడా నమ్మేసేవాణ్ణేమో, అక్క నోరు విప్పకపోతే.

"ఏ బన్ను ఎవరు కొన్నారో కూడా తెలిసిపోతుందా తమ్ముడూ?" అంది.

"తెలియకపోవడమేంటక్కా! కొన్నవాడు మర్చిపోయినా తెర మర్చిపోదు."

"మరి నా కొట్టు?"

బావ మొహం జాలిగా పెట్టాడు. "అదేనక్కా. చెప్పడానికి నోరు రావట్లేదు. పోయిన వారం తెర పెట్టిన రోజు నుంచీ సున్నా. నీ కొట్టు గుమ్మం ఒక్క మనిషి తొక్కలేదు. తెర సున్నా అందంటే అది సున్నాయే, దేవుడు దిగి వచ్చినా ఒకటి కాదు."

"నిన్న పొద్దున నా కొట్టులో జామ్ బన్నులు కొన్నదెవరు?"

"ఎవరు?"

"నువ్వే."

బావ గ్లాసు నోటి దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

"మొన్న కూడా నువ్వే," అంది అక్క. గొంతు పెంచలేదు. "బస్సెక్కే ముందు ఫోను చూసుకుంటూ వస్తావు, చెయ్యి చాపుతావు, పట్టుకుపోతావు. తలెత్తి నా మొహం ఎప్పుడూ చూడవు కాబట్టి నీకు నేను తెలీదు. తెర పెట్టినాయన ఎవరో అని వెతుక్కుంటూ వచ్చి చూస్తే నువ్వు. ఎప్పుడు గుర్తుపడతావా అని ఇందాకటి నుంచీ చూస్తున్నాను. చీమల్ని కూడా గుర్తుపట్టావు."

డ్రైవరుకి దగ్గొచ్చింది. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

బామ్మర్ది మాత్రం నవ్వట్లేదు. ఏదో ఆలోచిస్తున్నాడు. "బావా," అన్నాడు నెమ్మదిగా, "మొదటిసారి కనెక్టు చేసినప్పుడు, వస్తుందో రాదో పరీక్ష చూద్దామని, పైనున్న వెయ్యి వరుసలు, అంటే వెయ్యి బిల్లులు మాత్రమే లాగమని పెట్టావు గుర్తుందా?"

"అదా... అది పరీక్షకి."

"తర్వాత తీసేశావా?"

బావ గ్లాసు బల్ల మీద పెట్టి, పక్కనున్న సంచీ ఒళ్ళోకి లాక్కున్నాడు.

బామ్మర్ది అక్క వైపు తిరిగాడు. "మన కొట్ల అమ్మకాలు బస్సు దారి వరసలో వస్తాయక్కా. ఊరి మధ్య కొట్టు ముందు, నీది ఆఖరు. ఆ వెయ్యి వరుసలూ నీ ముందు కొట్టు దగ్గరే అయిపోతున్నాయి. నీ పేరుంటుంది, పక్కన వేయడానికి ఏమీ రాదు. అందుకే సున్నా. ఇంత స్పీడు ఎలా వచ్చిందా అని నేనూ ఆశ్చర్యపోయాను. తెచ్చేదే కాస్త అయితే రాక ఏం చేస్తుంది?"

బావ సంచీలోంచి లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టాడు. ఆ వెయ్యి వరుసల కట్టడి ఉన్న చోటికి వెళ్ళాడు. వెళ్ళాడు కానీ వేలు అక్కడే తటపటాయించింది. నాకు ఆయన మీద కూడా జాలేసింది. అది తీసేస్తే స్పీడు పోతుంది. పెద్దసారు చప్పట్లు పోతాయి. మళ్ళీ బటన్ నొక్కి అన్నం తిని రావాల్సిందే.

"దీన్ని ఇంకో రకంగా కూడా..." అని మొదలెట్టాడు.

"తియ్యి తమ్ముడూ," అంది అక్క.

తీశాడు. బటన్ నొక్కాడు.

తెర మధ్యలో ఒక చక్రం తిరగడం మొదలైంది. తిరిగింది, తిరిగింది. పిన్ని అందరికీ మళ్ళీ టీ పోసింది. అక్క బల్ల అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఆ వేళ్ళు తెల్లబడిపోవడం చూసి డ్రైవరు కూడా వేళాకోళం మానేశాడు. చివరికి ఆ చక్రం ఆగింది.

అప్పుడు లేచాయి స్తంభాలు. ఊరి మధ్య కొట్టు, స్టేషను కొట్టు, బడి పక్క కొట్టు, ఆస్పత్రి ఎదుట కొట్టు, ఒకదాని వెనక ఒకటి నీలంగా లేచి నిలబడుతుంటే, కప్పు ఏదీ చీలలేదు, తెర దాటి ఏదీ రాలేదు, అయినా నేను కళ్ళార్పకుండా చూశాను. ఎడమ నుంచి కుడికి, బస్సు వెళ్ళినట్టే వెళ్ళి, ఆఖరున, కుడి అంచుకి ఆనుకుని ఇంకొకటి లేచింది. దాని పక్కవాటి కంటే రవ్వంత ఎత్తే.

అక్క తెర దగ్గరికి వంగింది. వేలితో ఆ స్తంభాన్ని ముట్టుకుంది. కళ్ళు తుడుచుకోవడానికి కూడా ఆగకుండా అలాగే చూస్తోంది.

"చూశారా!" అన్నాడు బావ, ఛాతీ విరుచుకుని. ఆయనకి మళ్ళీ ఊపిరి వచ్చేసింది. "ఊరవతల కొట్టుని ఇక్కడ టీ బల్ల మీదికి లాక్కొచ్చాను! ఇలాంటిది ఇంతవరకూ ఏ దేశంలోనూ... ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తర్వాత ఇంకా ఏమీ కాలేదు తమ్ముడూ," అంది అక్క, లాప్‌టాప్ ఎత్తి ఆయన చేతుల్లో పెడుతూ. "నా కొట్టు లేచింది. ఇక నువ్వు లే. పైన మీటింగు మొదలెట్టేస్తారు."