ఎనిమిది గ్లాసుల నీళ్లు

హలో… ఆ, నేనే. వనజాక్షినే. రొయ్యలు వొలిచే కంపెనీలో… ఎవురూ? మా ఫోన్లలో కంపెనీవోళ్లు ఏయించిన ఆరోగ్యం యాప్ నించా?… చెప్పండి మేడమ్, పడుకోనే ఉండా.

…ఆ, నెల్లూరు ఆస్పత్రి నించి మొన్ననే ఇంటికొచ్చినా. ఒంటికి పోతే మంట, చలిజొరం. కిడ్నీల దాకా పాకిందన్నాడు డాక్టరు… ఎందుకేంది? నీళ్లు తాగక. ఆపుకోని ఆపుకోని.

…అవును, యాప్‌లో రోజూ ఎనిమిది గ్లాసులు తాగినట్టే ఉంటాది. నేనే నొక్కినా.

…తాగలా మేడమ్. నొక్కినా, అంతే.

ఎందుకంటే — మీరెప్పుడన్నా వచ్చినారా మా కంపెనీకి?… రాలా. అయితే వినండి. బాత్రూముకు పోవాలంటే గౌను విప్పాల, బూట్లు విప్పాల, చేతి తొడుగులు విప్పాల. మళ్లా అన్నీ తగిలించుకోని, చేతులు కడుక్కోని లోపలికి రావాల. ఈలోపల సూపర్‌వైజరు గణేష్ మొదలుపెడతాడు. "నీకొక్కదానికే వస్తాదా?" అంటాడు, మొగోళ్ల ముందర. అందుకే పొద్దన బస్సెక్కే ముందు నించే గొంతు తడుపుకోం.

…ఆ, యాప్ చెప్తానే ఉంటాదంట, నీళ్లు తాగండి, లేచి నాలుగడుగులు వేయండి అని. ఎవురికి చెప్తాది? ఫోన్లు గేటు కాడ పెట్టెలో పెట్టి తాళమేస్తారు. సాయంత్రం చేతికి రాంగానే గణేష్ పక్కన నిలబడి నొక్కిస్తాడు. అందురికీ పచ్చరంగు రావాలంట. రానోళ్లని పేరు పెట్టి పిలిచి పక్కకి నిలబెడతాడు.

…మొదట్లో నవ్వుకున్నాం మేడమ్, ఇదేందో సరదాగా ఉండాదే అని. ఇప్పుడు దాన్ని చూస్తేనే ఒళ్లు మండతా ఉండాది.

— అదే గదా నేనడిగేది! రెస్టు తీసుకోమని డాక్టరు రాసిచ్చినాడు. కంపెనీవోళ్లేమో, ఇన్ని నీళ్లు తాగే మనిషికి మా వల్ల జబ్బెట్టొస్తాది, సోమవారం రాకుంటే ఇంక రాబాక, అంటా ఉండారు. మీరొక్క మాట చెప్పండి, ఆ గ్లాసులు ఉత్తవేనని. మీ మాటయితే వింటారు.

…తప్పుడు సమాచారమా?

…దానికి పనిలోంచి తీసేస్తారా?… ఇదంతా రాసుకుంటా ఉండారా మీరు?

…

రికార్డవతా ఉందా. ముందే చెప్పొచ్చు గదా తల్లీ. "ఎట్టుండారు వనజాక్షిగారూ" అని అంత మెత్తగా అడిగితే, నా బాగు కోసమే చేసినారనుకున్నా.

…ఇంకెవురు నొక్కతారంటే?

…చిట్టీనా? అది నా కూతురు. నా పక్కనే నిలబడి వొలస్తాది. దాన్నెందుకు లాగతారు?

…లేదు. అది తాగే నొక్కతాది. అందురూ తాగే నొక్కతారు. నేనొక్కదాన్నే… ఇందాక నేను చెప్పిందా? జొరం మీద ఏందేందో వాగినా. కొట్టేయండి.

…గణేషా? గణేష్ ఏం చెప్పలా. మంచోడే.

…ఆ. రాసుకోండి. వనజాక్షి, ఒక్కతే.

…సరే మేడమ్. ఆరోగ్యం జాగ్రత్తే… ఉంటా.

పెట్టేసింది.

చిట్టీ, ఏందట్ట చూస్తా నిలబడినావు? బస్సొచ్చింది, పో… ఏడవబాకే. ఇద్దురం ఇంట్లో కూర్చుంటే ఎట్ట జరుగుతాది?… ఆ చెంబు ఇట్టియ్యి. ఇప్పుడు తాగబాక. మధ్యాన్నం దాకా బయటికి పోనీరు.