వానకి కారని రంగు

ప్రింటర్లమ్మే కొట్టు. బల్లకి అటు కొట్టతను, ఇటు మొగుడూ పెళ్ళామూ. వచ్చిన పని తెముల్చుకుని తొందరగా బయటపడాలని మొగుడికి ఉంది. కొట్టతను తొందరపడే రకం కాదు.

"చిన్నది చాలంటున్నాగా బాబూ. అదిగో, ఆ మూల తెల్లది."

"అది డబ్బా ఇంకుదమ్మా. కొనేప్పుడు చవకే. డబ్బాలు మార్చేప్పుడు ముందుంది ముసళ్ళ పండగ. ఇదిగో, ఈ ట్యాంకుది చూడండి. సీసాతో పోసుకోవడమే. ఒక్కసారి నింపారంటే వేల పేజీలు!"

"అన్ని వేలు మాకెందుకు?"

"భలేవారమ్మా! ఇంట్లో పిల్లలున్నారా?"

"ఉంది. ఒక్కతే."

"ఇంకేం! బడివాళ్ళు రోజుకో బొమ్మ అతికించుకు రమ్మంటారు. మావాడైతే రంగులు తాగేస్తాడనుకోండి. మీ పాప ఏ క్లాసు?"

"మూడు... నాలుగులోకి రావాలి."

"ఏమే, అతనికవన్నీ ఎందుకు? బాబూ, వైరు లేకుండా ఫోన్లోంచే వస్తుందా?"

"నొక్కితే చాలు సార్. మీరు వంటింట్లో నొక్కండి, ముందుగదిలో కాగితం వచ్చి పడుతుంది."

"రంగు వానకి కారుతుందా?"

"ఇంట్లో ఉండేదానికి వానేంటి సార్! కొంపదీసి ఇల్లు కురుస్తుందా ఏంటి?"

"కాగితాలు గోడలకి అంటించాలి. బస్టాండులో, ఆసుపత్రి దగ్గర, వంతెన కింద. మొన్న వానకి మా పిల్ల మొహం కారిపోయింది. గోడంతా చారలు."

"మీ పిల్ల... అంటే..."

"కనబడకుండా పోయింది. బడి నుంచి వస్తూ వస్తూ."

"అయ్యో సార్! ఆ కాగితం మా వీధి మొదట్లో ఉంది, కరెంటు స్తంభానికి. 'పిచ్చుకా అంటే పలుకుతుంది' అని రాసి..."

"అదే. నంబరు రాసుకున్నావా?"

"అది... సార్..."

"వదిలెయ్. ఎవడూ రాసుకోడు."

"ఏవండీ! అతనేం చేశాడని?"

"నేనేమన్నానిప్పుడు? నువ్వు చెప్పు బాబూ. కారుతుందా, కారదా?"

"నలుపు కారదు సార్. రంగులే కారతాయి. నలుపులోనే తీసుకుంటే..."

"నలుపులో దాన్ని గుర్తుపట్టరు బాబూ. పసుపు గౌను. ఎవరైనా ముందు ఆ గౌనే చూస్తారు."

"ఇన్నాళ్ళూ ఆ గౌను ఒంటి మీదే ఉంటుందటే, పిచ్చిదానా!"

"మీ నోటికో దణ్ణం. ఊరుకోండి."

"పోనీ సార్, రంగులోనే తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి అంటించండి. వాన తగలదు."

"ఆ, అదీ మాట. ట్యాంకుదే ఇవ్వు."

"వద్దు. చిన్నదే ఇవ్వు బాబూ."

"మళ్ళీ మొదలెట్టావా? పేజీకి పైసల్లో పడుతుందని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్తున్నాడుగా."

"వేల పేజీలంటున్నాడు. అన్ని వేలూ అంటించేదాకా రాదా నా తల్లి? ఆ మాటకి తలెలా ఊపారండీ?"

"నేను ఖర్చు సంగతి చూశాను."

"ఖర్చు! ఇన్నాళ్ళూ ఈ కాగితాలు తీసిచ్చిన జిరాక్సు కొట్టతను జాలిపడి డబ్బులు పుచ్చుకోవడం మానేశాడే, ఆ రోజే అర్థమైంది నాకు. ఇక రాదని అతను తేల్చేసుకున్నాడు. ఇప్పుడు మీరు."

"తేల్చేసుకున్నవాణ్ణి మిషనెందుకు కొంటానే? ఆ? మిగిలిన ఇంకు ఎవరిదనుకున్నావు? అది వచ్చి బొమ్మలేసుకోదూ? నెమళ్ళూ, ఓడలూ, దాని శ్రాద్ధమూ... ఛ! నోరు జారింది. వేసుకుంటుంది. దాని ఇష్టం వచ్చినన్ని వేసుకుంటుంది."

"అమ్మా, ఏడవకండి. ఇదిగో, మంచినీళ్ళు. మీరేది తీసుకున్నా ఈ సీసాల డబ్బులు నాకొద్దు..."

"నువ్వు మాత్రం పుచ్చుకో నాయనా. పైసా వదలకుండా పుచ్చుకో. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"అంత మాటెందుకమ్మా. పుచ్చుకుంటాను. మరి... చిన్నదేనా?"

"పెద్దదే."

"నిజంగానా?"

"ఏం, వినబడలేదా మీకు? పెద్దదే. మిగలాలిగా దానికి. బాబూ, ఒక కాగితం ఇక్కడే తీసి చూపించు. ఇదిగో ఫోను. జాగ్రత్త, చెరిగిపోనివ్వకు."

"వచ్చేసిందమ్మా, మిషన్లోకి ఎక్కేసింది. నొక్కనా?"

"ఆగు. అక్కడ వయసు ఎనిమిదని ఉంది, తొమ్మిది చెయ్యి. నిన్ననే నిండాయి."