ఎర్తు కడ్డీకి పోసే టీ

అది తుప్పు కాదమ్మా నెరిడా, టీ. అవును, మనం తాగే టీయే. ఆ ఎర్తు కడ్డీ మొదలు దగ్గర రోజూ కెటిల్లో మిగిలింది పోస్తాను, అందుకే అక్కడ నేల అలా నల్లబడింది. యాభై ఏళ్ళు దాటింది పోయబట్టి. మధ్యలో ఒక్కసారే మానేశాను. నవ్వుతావేం? సరేలే, నవ్వు, మీ తాతా ఇలాగే ఒక పక్క పెదవితో నవ్వేవాడు. కొత్త మీటరు బోర్డు బిగించడానికి నేనే వస్తున్నానని ఫోను చేసి పెంగెల్లీ అని పేరు చెప్పావు చూడు, నా చేతిలో గరిట జారిపోయింది. క్లెం పెంగెల్లీ నీకేమవుతాడమ్మా అంటే మా తాత అన్నావు. అని ఊరుకున్నావా? ‘భయపడకండి, ఆయనలాగా మర్చిపోయి చెయ్యి పెట్టనులెండి’ అన్నావు. సరదాకే అన్నావు, నాకు తెలుసు. మూడు రాత్రులు నిద్ర లేదు నాకు. కూర్చో. కరెంటు ఎలాగూ తీసేశావుగా, పని ఎక్కడికీ పోదు. ఇదిగో కేకు. టీ గ్యాసు మీద కాచాను.

ఈ మాలీ మెట్టసీమకి కరెంటు మహా ఆలస్యంగా వచ్చిందిలే. ఎర్ర ఇసక, గోధుమ చేలు, నాలుగు మైళ్ళకో ఇల్లు, మాకోసం ఎవడు స్తంభాలు పాతుతాడు? నాకు ముప్ఫై దాటాక వచ్చింది. లైను లాగడానికి వచ్చిన మనిషే మీ తాత. ఎంత సన్నం, ఎంత నిటారు! ఆయన్ని స్తంభం అనుకుని మా కుక్క కాలెత్తబోయిందని మా ఆయన బ్రూనో ఊరంతా చెప్పాడు. బ్రూనో మాటల్లో సగం తీసేసుకోవాలి, కానీ కుక్క కాసేపు ఆలోచించిన మాట నిజం. సరే, ఏం చెబుతున్నాను? ఆఁ, పురికొస. కరెంటు ఇవ్వబోయే వారం ముందు, ఆదివారం ప్రార్థన అయ్యాక మమ్మల్నందర్నీ చర్చి హాల్లో గుండ్రంగా నిలబెట్టాడు మీ తాత. గడ్డిమోపులు కట్టే పురికొస తెచ్చి, రెండు కొసలూ ముడేసి, మా అందరి గుప్పిళ్ళలోంచీ వదులుగా పోనిచ్చాడు. ‘బ్రూనో, నువ్వు కరెంటు పుట్టించే మిషనువి. లాగు’ అన్నాడు. బ్రూనో లాగాడు. ఆ తాడు ఒకరి తరవాత ఒకరికి కాదమ్మా, అందరి చేతుల్లోనూ ఒక్కసారే కదిలింది! ‘చూశారా, బ్రూనో ఎంత బలంగా లాగుతున్నాడో అది వోల్టులు. మీ చేతుల్లోంచి తాడు ఎంత జోరుగా పోతోందో అది ఆంపియర్లు. ఇప్పుడు పెద్దమ్మగారూ, మీరు కాస్త గట్టిగా పట్టుకోండి.’ పెద్దమ్మగారంటే మా అత్తగారు. ఆవిడ ఏదైనా పట్టుకుందంటే ఇంక వదలడం ఉండదు, కాపరం చేసినదాన్ని, నన్నడుగు. పట్టుకుంది. తాడు అందరి దగ్గరా నెమ్మదించింది. ఆవిడేమో ‘ఓరి నాయనో, చెయ్యి కాలుతోందిరా!’ అని కేక. ‘కాలాలండీ. దారిలో అడ్డు తగిలితే వేడి పుడుతుంది. ఆ అడ్డునే ఓముల్లో కొలుస్తాం. రేపు మీ ఇస్త్రీపెట్టెలో కాగేదీ, బల్బులో వెలిగేదీ మీ గుప్పిడే అనుకోండి.’ ‘అయితే ఆ వెలుగు నాదే, మీ కరెంటాఫీసుది కాదు’ అంది ముసలావిడ. హాలంతా నవ్వు. అప్పుడు జేబులోంచి కత్తెర తీసి ఒక్కచోట టక్కున కత్తిరించాడు. ఉన్న తాడు ఉన్నట్టు జారి బ్రూనో కాళ్ళ దగ్గర కుప్పపడింది. ‘తెగింది ఒక్కచోట, ఆగింది అందరి దగ్గరా. వెళ్ళింది తిరిగి వచ్చే దారి ఉంటేనే అది వెళుతుంది. సర్క్యూట్ అంటే ఇంతే’ అన్నాడు. నీకిదంతా చిన్నపిల్లల పాఠమే. మాకు మాత్రం ఆ రోజు దేవుడి మాట కంటే అదే చెవుల్లో ఉండిపోయింది, పాపమో పుణ్యమో.

నాకు నోరూరుకోదుగా. ‘మరి మా ఇంటికొచ్చేది ఒక్కటే తీగ, తిరిగి వెళ్ళే తీగ ఏది?’ అన్నాను. ‘నీ కాళ్ళ కింద ఉంది ఫ్రీడా’ అన్నాడు. పిచ్చిదాన్లా కాళ్ళెత్తి చూసుకున్నాను. మన్నులోంచే తిరిగి పోతుందట! ఇప్పటికీ పొద్దున్నే చేలోకి చూస్తే అదే అనిపిస్తుంది. గోధుమ వేళ్ళ కిందనుంచి, కుందేళ్ళ బొరియల పక్కనుంచి, చప్పుడు లేకుండా, దారి అడక్కుండా, అదెలా ఇల్లు చేరుతుందో కదా అని. స్తంభం దగ్గర లోతుగా దిగేసిన కడ్డీలు ఆఫీసువాళ్ళు చూసుకుంటారు. ఇంటి గోడ దగ్గర కడ్డీ మాత్రం మా బాధ్యత. ‘ఎక్కడైనా తీగ చెడి కరెంటు దారి తప్పిందనుకో, ఈ కడ్డీ దాన్ని భూమిలోకి పంపేస్తుంది. అప్పుడు జోరు ఎక్కువై ఫ్యూజు ఎగిరిపోతుంది, మీరు బతికిపోతారు. కానీ ఎండిన మన్ను దాన్ని రానివ్వదు. ఇక్కడ తడి ఆరనివ్వకు. నీళ్ళు కరువైతే టీ పొయ్యి, ఏం అనుకోదు’ అన్నాడు. అలా మొదలైందా టీ. ఇంకోటి చెబుతాను, మీ ఇంట్లో ఎవరికీ తెలిసుండదు. నాకప్పటికి చదువు రాదు. ఎనిమిదో ఏటే మా నాన్న బడి మాన్పించి కుందేళ్ళ ఉచ్చుల మీద పెట్టాడు. మీ తాత మీటరు బోర్డు మీద ఒక్కో మీట పక్కనా రంగుతో పేరు రాసి ‘ఏదీ, చదువు’ అన్నాడు. ‘ఎండ కళ్ళల్లో పడుతోంది’ అన్నాను. ఎండ నా వీపు వెనక ఉంది. ఆ తరవాత వచ్చినప్పుడల్లా, ఎవరూ లేకుండా చూసి, ఒక్కో పేరూ వేలితో దిద్దించేవాడు. మెయిన్. పంపు. స్టవ్. ఆఫ్. నా ఓనమాలన్నీ ఆ మీటరు బోర్డు మీదేనమ్మా.

తరవాత కరువొచ్చింది. టాంకులో అడుగు నీళ్ళు, ఆకాశంలో మన్ను. ‘ఇనపముక్కకి టీ తాగించే కొంప మాలీ మొత్తానికి మనదొక్కటే’ అని బ్రూనో సణుగుడు. కానీ ఆయన మీదికి తొయ్యను. మానింది నేనే. మా అమ్మగారింటి నుంచి తెచ్చుకున్న జెరేనియం పూలమొక్క ఒకటుండేది గుమ్మం పక్కన, అది వాడిపోతుంటే చూడలేక కెటిల్లో మిగిలింది దానికి పొయ్యడం మొదలుపెట్టాను. కడ్డీ చూడ్డానికి బాగానే ఉందిగా, ఇనుముకి దాహమేంటి అనుకున్నాను. మూడు నెలలు. ఆ ఏడాదే ఎలుకలు కూడా. ఎక్కడ చూసినా అవే, దిండులోనూ అవే. ఓ రోజు పంపు తిరగకుండా ఊరికే మూలుగుతోంది. కబురు పెడితే మీ తాత మధ్యాహ్నానికల్లా వచ్చాడు. పంపు షెడ్డు ముందు నిలబడి, చొక్కా జేబులోంచి టెస్టరు సగం బయటికి లాగి, నావైపు తిరిగి అడిగాడు. ‘ఏం ఫ్రీడా, మన కడ్డీగారు టీ తాగుతున్నారా?’ అని. నేను... అక్షరాలు నేర్పిన మనిషి. ఒకే ఒక్క పని అప్పజెప్పాడు. ఆయన ముందు మొద్దులా నిలబడాలనిపించలేదమ్మా. ‘రోజూ తాగుతున్నారు’ అన్నాను. ‘శభాష్’ అని టెస్టరు మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. పెట్టేసుకున్నాడు. గొర్రెల తొట్టి కారి అక్కడొక్కచోటే బురదగా ఉంది, ఊరంతా ఎండినా అక్కడొక్కచోటే. ఆ బురదలో మోకాలు పెట్టి, పంపు మీద చెయ్యి వేశాడు. లోపల ఎలుకలు తీగ మీద తొడుగు కొరికేసి ఉన్నాయట, తీగ పంపుకి తగిలి ఉందట. కడ్డీ చుట్టూ మన్ను పిండిలా ఎండిపోయి ఉంది కదా, దారి లేదు, ఫ్యూజు ఎగరలేదు. కరెంటు అలాగే పంపంతా నిండి కాచుక్కూర్చుంది. ఆయన చెయ్యీ, బురదలో మోకాలూ దానికి దారి అయ్యాయి. అరుపు కూడా రాలేదు. చెయ్యి ఊడిరాక అలా వణుకుతున్నాడంతే. ముట్టుకోకూడదని ఆయనే చెప్పాడు. పరిగెత్తాను బోర్డు దగ్గరికి. నాలుగు మీటలు. మెయిన్ ఏదో వేలు పెట్టి చదివి, ఆఫ్ అన్న వైపుకి లాగాను.

బతికాడు. కుడిచేతి వేళ్ళు రెండు మాత్రం వంగిపోయాయి, నువ్వు చూసే ఉంటావు. నెల తరవాత ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు, ఆయన్నీ వెంట తెచ్చారు. ఇదే బల్ల. అదిగో, నువ్వు కూర్చున్న చోటే కూర్చున్నాడు, చేతికి కట్టుతో. ‘ముట్టుకునే ముందు టెస్టు చేశావా?’ ‘లేదండీ.’ ‘ఎందుకు చెయ్యలేదు?’ ‘మర్చిపోయాను.’ నేను ఆ పొయ్యి దగ్గర కెటిల్ పట్టుకుని నిలబడి ఉన్నాను. నావైపు చూస్తాడేమో అనుకున్నా. చూడలేదు. చూసుంటే చెప్పేసేదాన్నేమో. చూడకపోయినా చెప్పాల్సింది. స్తంభాలు ఎక్కే పనిలోంచి తీసేశారు. ధాన్యం గోదాము దగ్గర లారీలు తూచే పనిలో పెట్టుకున్నారు ఎవరో. అక్కడ డ్రైవర్లు మతిమరుపు క్లెం అని పేరు పెట్టారు. ‘ఏం క్లెం, ఇందాక తూచావు, గుర్తుందా?’ అని వాళ్ళ వేళాకోళం. ఆయన ఆ ఒక పక్క నవ్వు నవ్వి ఊరుకునేవాడు. ఓసారి కోతలప్పుడు నేనే వెళ్ళాను. ‘క్లెం, ఆ రోజు నేను...’ అన్నాను. ‘బోర్డు మీద పేర్లు వెలిసిపోయి ఉంటాయి ఫ్రీడా, మళ్ళీ రంగు దిద్దు’ అన్నాడు. అంతే. దిద్దాను. నువ్వు పొద్దున ఊడదీసిన ఆ పాత బోర్డు మీద రాత నాదే. ఆయన పోయినప్పుడు చర్చిలో వెనక బల్ల మీద కూర్చుని వచ్చేశాను.

మీ తాత మర్చిపోలేదు తల్లీ. అడిగాడు. నేను పోశానని చెప్పాను. మీ నాన్నకీ చెప్పు, ఎవరికైనా చెప్పు, నా పేరు పెట్టి మరీ చెప్పు. పొద్దున నువ్వొచ్చి ‘ఎర్తు బాగానే ఉందా ఆంటీ?’ అన్నావు. నిక్షేపంలా ఉందమ్మా అన్నాను. నువ్వు సరేనని తలూపి, నా మాట పక్కన పెట్టి, వంగి, టెస్టరు పెట్టి చూసుకున్నావు. ఎంత హాయిగా అనిపించిందో నాకు... ఎంత... ఏంటమ్మా, కేకు అలాగే వదిలేశావు. కప్పులో ఇంకా ఉందా? ఆగాగు, సింకులో వద్దు.