గూడబాతు నీడ

గూడూరు కంటి ఆసుపత్రిలో ఆ ఉదయమే అత్త కంటికట్టు విప్పారు. ఊరికి పోయే ఆటో కోసం నేలపట్టు చెరువు కట్ట మీద నిలబడి, కోడలు ఇచ్చిన నల్లద్దాలు తీసేసి, ఎన్నో ఏళ్ల తర్వాత ఆమె లోకాన్ని కళ్లారా చూస్తోంది.

“మే, ఆ చెట్టు మీద తెల్లగా ఏందది?”

“గూడబాతు అత్తా. గూట్లో పిల్లలుండాయి.”

“రెక్కలు చాపింది గానీ ఎగరదేం?”

“పిల్లలకి నీడ పడతా ఉండాది. పొద్దు తిరిగేకొద్దీ అదీ తిరగతాది.”

“నోరు తెరుచుకోని రొప్పతా ఉండాది మే, పాపం.”

“ఎండంతా దాని వీపు మీదే గదా.”



“దేవుడు మనల్ని రెక్కల కింద దాస్తాడని గుడిలో అయ్యగారు బైబిల్లో చదివినప్పుడల్లా, ఆపదొస్తే ఎత్తుకోని ఎగిరిపోతాడనుకున్నా. మీ మామ సముద్రంలో పోయినప్పుడు, నన్నూ నా బిడ్డనీ ఈడే వదిలేసి ఎగిరిపోయినాడని అలిగినా మే.”

“ఇప్పుడో?”

“యాడికీ పోలా. ఇన్నేళ్లూ మా మీది ఎండలో నిలబడే ఉండాడు.”

ఆ మాట అంటూ వెనక్కి తిరిగింది. కోడలు రెండు చేతులూ పైకెత్తి, చీరకొంగు ఆమె తల మీదుగా చాపి పట్టుకుని ఉంది. మెడ మీద చెమట ధార కట్టింది.

“ఎప్పుట్నించి మే ఇట్లా?”

“నువ్వు అద్దాలు తీసినకాడ్నించి. కళ్లకి ఎండ తగలగూడదన్నాడు గదా డాక్టరు. నువ్వు చూడత్తా, నేనున్నా గదా.”

అత్త మళ్లీ చెట్టు వైపు చూడలేదు. గుడి వాకిట్లో విడిచినట్టు, కాలుతున్న ఆ కట్ట మీదే చెప్పులు విడిచింది.